మెడలో డప్పు

బండి సందు మలుపు తిరిగి వెళ్లిపోయి చాలాసేపయింది. స్టీవెన్ మాత్రం గుమ్మంలోంచి కదల్లేదు.

కుళాయి దగ్గర బిందెలు పెట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లు అతని వంక చూడకుండా ఉండాలని తంటాలు పడుతున్నారు. చూస్తేనే నయం. రత్నమణి వంటింట్లోంచి వచ్చి భర్త వెనకాల నిలబడింది.

"లోపలికి రండి," అంది.

"ఎందుకు? వినాల్సిన వాళ్లంతా విన్నారుగా!"

"వింటే విన్నారు. రండి."

"'శాంతయ్యా, సౌభాగ్యమ్మగారు పోయారు. రేపు శవం లేచే వేళకి డప్పు తీసుకుని వచ్చెయ్.' ఇదీ వాడన్న మాట. వాడి వయసెంత? పాతికేళ్లుంటాయా? డెబ్బై దాటిన మనిషిని పేరు పెట్టి పిలిచాడు. బండి కూడా దిగలేదు. ఒంటి కాలు నేల మీద ఆనించి, ఇంజను ఆపకుండా చెప్పి పోయాడు."

"మామయ్య వస్తానని అనలేదుగా."

"రానని కూడా అనలేదు."

అది నిజమే. శాంతయ్య ముందుగదిలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. బండి మనిషి చెప్పిందంతా విని, "ఎప్పుడు పోయింది తల్లి?" అని మాత్రం అడిగాడు. ఆ తర్వాత నోరు విప్పలేదు. ఆయన తల పైన గోడకు మేకు, మేకుకు డప్పు.

ఆ డప్పు ఆ ఇంట్లోకి వచ్చింది రత్నమణి వల్లనే. నందిగామ హైస్కూల్లో ఆమె సోషల్ టీచరు. పిల్లలకు మన కళలేవైనా నేర్పించి జిల్లా పోటీలకు తీసుకెళ్లాలని హెడ్మాస్టరు అన్నప్పుడు, ఒకరు కోలాటం అన్నారు, ఒకరు చెక్కభజన అన్నారు. ఈమె డప్పు అంది. నేర్పేవాళ్లెవరు అంటే మా మామగారు అంది. జగ్గయ్యపేట నుంచి మామగారిని వెంటబెట్టుకుని రోజూ బస్సులో వెళ్లి రావడం మొదలుపెట్టింది. ఎవరో ఆ ప్రాక్టీసు వీడియో తీసి ఫోన్లలో తిప్పారు. అది తిరిగి తిరిగి శాంతయ్య పుట్టిన ఊరు, సౌభాగ్యమ్మగారి ఊరు పెనుగంచిప్రోలు దాకా వెళ్లింది.

స్టీవెన్ లోపలికి వచ్చి తలుపు దగ్గరికి వేశాడు.

"నీకు అది సోషల్ పాఠం," అన్నాడు భార్యతో. "నాకు కాదు. ఎండుగడ్డి మోపు నెత్తిన పెట్టుకుని నాన్న వెనకాల నడిచినవాణ్ని నేను. శవం ముందు కూర్చుని మంట వేసేవాణ్ని, డప్పు కాచడానికి. ఇప్పుడు నా ఒంటి మీద ఫ్యాక్టరీ బట్టలున్నాయి. ల్యాబులో నా మాటకి విలువుంది. ఇదంతా ఒక్క వీడియోతో తుడిచిపెట్టేశారు మీరిద్దరూ."

"నేను బడిలో నేర్పించమన్నా. ఇంటికొచ్చి పిలవమన్నానా?"

"వాళ్లకి తేడా తెలుస్తుందనుకున్నావా?"

రత్నమణి గోడకు ఆనుకుంది. పొద్దున్నుంచి నిలబడి పాఠాలు చెప్పిన కాళ్లు పీకుతున్నాయి. ఈ పోట్లాట ఇవాళ కొత్తగా పుట్టింది కాదు. వానలు మొదలైనప్పటి నుంచీ రోజుకో ముక్క చొప్పున నడుస్తూనే ఉంది. ఇవాళ దానికి ఊరూ పేరూ వచ్చాయి, అంతే.

"నిన్ను బళ్లో వేసిననాడే దించేశా కదరా," అన్నాడు శాంతయ్య ఉన్నట్టుండి. "మళ్లీ ఎప్పుడన్నా ముట్టుకున్నానా?"

"మరి ఇప్పుడెందుకు ముట్టుకున్నావు?"

ముసలాయన తల వెనక్కి వంచి డప్పు వైపు చూశాడు.

"పిల్లలు 'తాతా, ఇంకోసారి' అంటే బావుంటదిరా. ఇన్నేళ్లూ నన్నెవరన్నా ఇంకోసారి అన్నారా?"

స్టీవెన్ కిటికీ వైపు తిరిగాడు.

"ఇష్టం లేక దించాననుకున్నావా?" శాంతయ్య గొంతు పెంచలేదు. "నిన్ను చూసి దించా. నువ్వు ఇంకెప్పుడూ గడ్డిమోపుతో నా వెనకాల నడవకూడదని దించా. ఇష్టం మాత్రం చావలా."

ఆ మాట ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ వినలేదు. స్టీవెన్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కోపం తగ్గిందేమో అనుకుంది రత్నమణి. సరిగ్గా అప్పుడే ముసలాయన రెండో మాట అన్నాడు.

"పోయి ఒకసారి చూసి రావాలని ఉందిరా. ఆమె మిరపతోటలోనే కదా నేనూ మీ అమ్మా సగం బతుకు బతికింది."

"డప్పు లేకుండా పోతే లోపలికి రానిస్తారా?"

శాంతయ్య దుప్పటి అంచు సర్దుకున్నాడు.

"చెప్పు నాన్నా. రానిస్తారా?"

"తెలీదు."

"నాకు తెలుసు. డప్పు తీసుకునే పోతావు. పోతే మళ్లీ ఈ గుమ్మం ఎక్కకు."

అన్న తర్వాత ఆ మాట ఎంత పెద్దదో అతనికే తెలిసినట్టుంది, లేచి నిలబడ్డాడు. కానీ వెనక్కి తీసుకోలేదు. తొమ్మిదో క్లాసు చదివే రూబీ లోపలి గదిలోంచి బయటికి వచ్చింది.

"నాన్నా, తాతయ్యని అలా అంటావేంటి?"

"నువ్వు లోపలికి పో. రేపట్నుంచి నువ్వు ప్రాక్టీసుకి వెళ్లట్లేదు."

"వెళ్తా. టీములో ముందు వరసలో నేనే ఉన్నా. పోటీ వచ్చే వారమే."

"రూబీ!" అంది రత్నమణి.

"నన్నెందుకమ్మా అరుస్తావు? నేర్పించింది మీరేగా!"

ఆ ఇంట్లో అన్నం ముందు ప్రార్థన శాంతయ్యే చేస్తాడు. ఆ పూట ఆయన చేయలేదు. ఆయన చేయలేదని ఇంకెవరూ చేయలేదు. మూతలు తీసిన గిన్నెల చుట్టూ నలుగురూ కాసేపు కూర్చున్నారు. ఎవరు ముందు గరిటె పట్టుకుంటారా అని ఒకరి కోసం ఒకరు చూశారు, చివరికి రత్నమణే వడ్డించింది.

*

తెల్లారి రత్నమణి పాల ప్యాకెట్టు కోసం లేచేసరికి ముందుగదిలో మంచం ఖాళీ. దుప్పటి మడతపెట్టి ఉంది. గోడకు మేకు ఉంది, డప్పు లేదు.

ఆమె అరవలేదు. అరిచే ఓపిక లేక పాల డబ్బులు చేత్తో పట్టుకుని అక్కడే నిలబడింది. నోట్లో బ్రష్షుతో వచ్చిన స్టీవెన్ ఆమె చూపు ఎటుందో అటు చూశాడు.

"పోయాడు," అన్నాడు.

"అలా బయటికి వెళ్లుంటారండి."

"డప్పు మెడలో వేసుకుని అలా బయటికా?"

తండ్రి నంబరుకు ఫోన్ చేశాడు. దిండు కింద మోగింది. అతను బ్రష్షు పారేసి, మొహం కడుక్కుని, ముక్త్యాల ఫ్యాక్టరీ డ్యూటీకి వేసుకునే చొక్కానే తొడుక్కున్నాడు.

"ఫ్యాక్టరీకేనా?"

"కాదు, పెనుగంచిప్రోలు. తీసుకొస్తా. అందరి ముందు నుంచీ చెయ్యి పట్టుకుని తీసుకొస్తా. మా నాన్న మీ పనివాడు కాదని చెప్పి మరీ తీసుకొస్తా."

"ఆగండి, నేనూ వస్తా."

"నువ్వు బడికెళ్లు. నీకు అక్కడ కళలున్నాయిగా!"

బండి వెళ్లిపోయింది. కుళాయి దగ్గర అప్పుడే బిందెలు వరస కడుతున్నాయి.

నందిగామ బస్సులో ఆ రోజు అదృష్టం కొద్దీ సీట్లు దొరికాయి. రూబీ కిటికీ పక్కన కూర్చుంది. హైవే మీద సిమెంటు లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. కీసర దాటి విజయవాడ పోతాయో హైదరాబాదు పోతాయో గానీ, రత్నమణికి రోజూ వాటిని చూడగానే నిద్ర ముంచుకొస్తుంది. ఇవాళ రాలేదు.

"అమ్మా, తాతయ్య నిజంగా అక్కడికే వెళ్లాడంటావా?"

"ఏమో."

"నాన్న ఎందుకంత భయపడతాడు?"

"భయం కాదు. కోపం."

"భయమే. నిన్న ఆ బండాయన మాట్లాడుతున్నంతసేపూ నాన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన పోయాకే కోపం వచ్చింది."

రత్నమణి కూతురి వైపు చూసింది. తను ఆ సమయంలో వంటింట్లో ఉంది.

"దరువులన్నీ నేర్పించారు. ఈ సంగతులేవీ ఎప్పుడూ చెప్పలేదేం అమ్మా?" రూబీ కిటికీలోంచి మొహం తిప్పలేదు. "మన ప్రాచీన కళ, మన సంస్కృతి అన్నావు. ఎవరెవరు ఎందుకు మానేశారో చెప్పలేదు."

"చెబితే మానేస్తారేమోనని."

"ఎవరు?"

"నువ్వే."

రూబీ పోయే లారీలనే చూస్తూ కూర్చుంది, కండక్టరు నందిగామ నందిగామ అని అరిచేదాకా.

*

బడి గేటు దగ్గరికి రాగానే డప్పు వినపడింది. పిల్లలు కొట్టేది కాదు. ఏ తొందరా లేకుండా, గట్టి చెయ్యి కొట్టే దెబ్బ. రూబీ పరుగెత్తింది. రత్నమణి పరుగెత్తలేదు. హ్యాండ్‌బ్యాగు గోడకు ఆనించి ఊపిరి పీల్చుకుంది.

మధ్యాహ్న భోజనాల షెడ్డులో శాంతయ్య చిన్న పీట మీద కూర్చుని ఉన్నాడు. తొందరగా వచ్చిన పిల్లలు చుట్టూ మూగారు.

"చెప్పి రావచ్చుగా మామయ్యా!" ఆమె గొంతులో ఏడుపూ కోపమూ కలిసిపోయాయి. "అక్కడికే వెళ్లారనుకున్నాం."

"మొదటి బస్సుకొచ్చా అమ్మాయ్. ఇది ఇంట్లో ఉంటే ఎవడో ఒకడు వచ్చి అడుగుతాడు. బళ్లో ఉంటే అడగరు. ఇంక ఇక్కడే పెట్టేద్దాం."

"మరి ఆమెను చూడాలని ఉందన్నారుగా?"

"ఉంది. చేతులూపుకుంటూ పోతే గేటు బయట నిలబెడతారు. డప్పుతో పోయినా నిలబెట్టేది అక్కడే. రాత్రంతా ఆలోచించా. ఇంక పోవడమెందుకు?"

"నాన్న నీ కోసం అక్కడికి వెళ్లాడు తాతయ్యా," అంది రూబీ.

శాంతయ్య చేతిలో పుల్ల డప్పు మీదికి వెళ్లబోయి ఆగింది.

రత్నమణి ఫోన్ తీసింది. మోగింది, ఎత్తలేదు. బండి మీద ఉన్నాడేమో అనుకుని కాసేపాగి మళ్లీ చేసింది. ఎత్తలేదు. 'మామయ్య బడిలోనే ఉన్నారు, వచ్చేయండి' అని మెసేజ్ పెట్టింది. అది చూశాడో లేదో తెలియలేదు.

ప్రార్థన గంటకు ఇంకా వేళ ఉంది. డప్పుల టీములో సగం మందే వచ్చారు. వచ్చినవాళ్లలో సొలొమోను తల వంచుకుని దూరంగా నిలబడ్డాడు.

"ఏరా, రా," అంది రత్నమణి.

"మా నాన్న మానెయ్యమన్నాడు టీచర్. మనోళ్లు ఇంత కష్టపడి చదివించేది ఇందుకా అన్నాడు."

గుల్షన్ చెయ్యెత్తింది. షబ్బీర్ అనే ఆటోడ్రైవరు కూతురు ఆమె. "రాజ్యశ్రీ కూడా రాదంట టీచర్. వాళ్లమ్మ, అది మనం పట్టుకునేది కాదు అందంట."

ఒకరు మావాళ్ల మెడలో మళ్లీ వెయ్యొద్దంటున్నారు. ఇంకొకరు మావాళ్ల మెడలో అసలు వెయ్యొద్దంటున్నారు. రెండు మాటలూ విన్నాక రత్నమణికి, పోటీలో బడి పేరు కొట్టేయిస్తే సరిపోతుంది, సాయంత్రం ఇంటికెళ్లి పడుకోవచ్చు అనిపించింది.

శాంతయ్యే మాట్లాడాడు.

"మానెయ్ సొలొమోనూ. మీ నాన్న చెప్పింది మంచి మాటే."

పిల్లలు బిత్తరపోయారు.

"కూర్చోండి. ఒక సంగతి చెబుతా. ఇన్నాళ్లూ మీకు పెళ్లి దరువు చెప్పా, జాతర దరువు చెప్పా, పులివేషం దరువు చెప్పా. అన్నీ సంతోషం ఉన్నవే చెప్పా. ఇంకోటుంది. అది చెప్పలా."

"చచ్చిపోయినప్పుడు కొట్టేదా తాతా?" అంది గుల్షన్.

"అదే. మీ ఇంట్లో ఎవరన్నా పోతే మీరేం చేస్తారమ్మా?"

"ఏడుస్తాం."

"మేం వేరేవాళ్ల ఇంట్లో పోతే కొట్టేవాళ్లం. మాకు ఏడుపొచ్చినా రాకపోయినా, జొరమొచ్చినా, ఇంట్లో పిల్లకి పాలు లేకపోయినా. రానంటే కుదరదు. అడిగేవాళ్లు లేరు, పిలిచేవాళ్లే. నేనొక్కణ్నే కాదు, మా మాదిగపల్లె మొత్తం. మాకు అన్నం ఆకులో పెట్టి దూరంగా జరిపేవాళ్లు. చెయ్యి బాగా తిరుగుతుందిరా శాంతయ్యా అనేవాళ్లు. ఆ మాటకి పొంగిపోయేవాణ్ని. మళ్లీ ఆ ఆకు చూస్తే కడుపు మండేది. రెండూ నిజమే. ఆ రెండూ కలిపి ఈ తోలు."

ఆయన డప్పు మీద అరచెయ్యి పెట్టాడు.

"మీరు కొట్టండి, వద్దనను. అయితే తెలిసి కొట్టండి. తెలియకుండా కొడితే గుడ్డలు కట్టుకుని గెంతినట్టే. తెలిశాక వద్దనిపిస్తే పుల్లలు అక్కడ పెట్టి పోండి. మీ మీద నాకేం కోపం లేదు."

ఎవరూ కదల్లేదు. సొలొమోను మాత్రం లేచి, పుల్లలు జాగ్రత్తగా గోడవార పెట్టి, శాంతయ్యకు నమస్కారం పెట్టి వెళ్లాడు. ఆయన తల ఊపాడు.

"అది నేర్పుతావా తాతా మాకు?" గుల్షన్ మళ్లీ అడిగింది.

"లేదమ్మా. అది నేర్పను."

రత్నమణి ఇన్నేళ్ల సర్వీసులో చాలా పాఠాలు చెప్పింది. పిల్లలు ఇంత నిశ్శబ్దంగా కూర్చున్నది ఎప్పుడూ చూడలేదు.

*

మొదటి పీరియడు అయ్యాక హెడ్మాస్టరు బాలస్వామి ఆమెను పిలిపించాడు. ఆయన మంచివాడే. వచ్చే ఏడాది రిటైరవుతాడు. గొడవలన్నీ తను వెళ్లాక జరిగితే బాగుండునని ఆయన కోరిక. చేతిలో ఫోనుంది, అవతల ఎవరో లైనులో ఉన్నారు. ఆయన మైకు దగ్గర బొటనవేలు అడ్డం పెట్టాడు.

"మేడం, పెనుగంచిప్రోలు నుంచి. సౌభాగ్యమ్మగారి అబ్బాయి. మన భోజనాల షెడ్డు వేయించింది వీళ్లే, మీకు తెలుసుగా. తల్లి పోయింది. మన పిల్లలతో డప్పు కొట్టించమంటున్నాడు. విద్యార్థుల నివాళి అంటున్నాడు."

"మీరేమన్నారు సార్?"

"నేనేమంటాను? టీచరు గారిని అడిగి చెబుతానన్నా. మీరే చెప్పండి."

ఫోను ఆమె చేతిలో పెట్టాడు.

"టీచరు గారా అండీ?" ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు. దబాయింపు లేదు. "మా నాన్నకి శాంతయ్యే కొట్టాడండి. అమ్మకీ అలాగే జరగాలని నా కోరిక. నిన్న కబురు చేశాం, ఇంకా రాలేదు. ఊళ్లో ఒక్కడూ రానంటున్నాడు. ఎక్కణ్నుంచో డప్పయితే తెప్పించాం, కొట్టేవాడు లేడు. కారు పంపిస్తా. పిల్లల్ని యూనిఫారంలోనే రమ్మనండి. గౌరవంగానే ఉంటుంది."

"కుదరదండి."

"ఎందుకనండి?"

"వాళ్లు బడి పిల్లలు. చావు దగ్గరికి పంపించలేం."

అతని వెనకాల ఆడవాళ్ల ఏడుపు వినబడుతోంది.

"పోటీల్లో కొడితే కళా, మా అమ్మకి కొడితే తప్పా టీచరు గారూ?"

ఆ ప్రశ్న రత్నమణి తనను తాను అడుక్కోవాల్సింది. అతను ముందు అడిగేశాడు. బాలస్వామి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"మీకు అబ్బాయిలున్నారా అండీ?"

"ఒక్కడే. విజయవాడలో చదువుతున్నాడు. ఎందుకు?"

"మా మామగారు నేర్పుతారు, రమ్మనండి. అప్పుడు వాళ్ల నాయనమ్మకి అతనే కొట్టుకోవచ్చు. అప్పుడది కళే అవుతుంది."

తర్వాత వచ్చిన గొంతులో ఏడుపు జీర లేదు.

"సరేనమ్మా. కొట్టేవాడు మాకు దొరక్కపోడు."

లైను తెగిపోయింది. బాలస్వామి ఫోను తీసుకుని రుమాలుతో తుడుచుకున్నాడు.

"బాగా చెప్పారు," అన్నాడు. ఆ గొంతు మెచ్చుకున్నట్టుగా లేదు. "షెడ్డు సంగతి నేను చూసుకుంటాలెండి."

షెడ్డులో మామగారికి ఈ సంగతి చెబితే ఆయన సంతోషిస్తాడనుకుంది రత్నమణి. ఆయన మొహం ముడుచుకున్నాడు.

"రారని చెప్పావు, బాగుంది. ఆ రెండో మాట అనకుండా ఉండాల్సింది. తల్లి పోయినోడు."

"ఇంకెప్పుడనాలి మామయ్యా? రేపు అతను ఫోన్ చెయ్యడుగా."

"అదీ నిజమేలే," అన్నాడాయన. "మనకి ఎప్పుడూ వేళ కాని వేళలోనే నోరొస్తుంది."

స్టీవెన్‌కు మళ్లీ ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది.

*

చివరి పీరియడుకు పిల్లలు మళ్లీ షెడ్డులో చేరారు. తగ్గినవాళ్లు తగ్గగా మిగిలినవాళ్లు వరస కట్టారు. ముందు వరసలో రూబీ. శాంతయ్య నోటితో దరువు చెబుతుంటే అందరూ ఒక్కసారి అందుకున్నారు. పొద్దుట విన్నదాని వల్లో ఏమో, ఆ రోజు పిల్లల చేతుల్లో గెంతులాట తగ్గి దెబ్బ బరువుగా పడుతోంది.

గేటు దగ్గర బండి చప్పుడైంది.

గొడవకే వచ్చాడనుకుంది రత్నమణి. పిల్లల ముందు వద్దని తనే గబగబా ఎదురెళ్లింది. స్టీవెన్ బండి స్టాండు వేసి, సైకిళ్లు పెట్టే గట్టు మీద కూర్చున్నాడు. చొక్కా వీపంతా తడిసి అంటుకుపోయింది. పాంటుకు మోకాళ్ల దాకా ఇసుక.

"మామయ్య ఇక్కడే ఉన్నారండి. అక్కడికి వెళ్లనే లేదు. పొద్దున్నుంచి ఫోన్ చేస్తూనే ఉన్నా."

"మోగుతుంటే తెలుస్తూనే ఉంది."

"మరి ఎత్తలేదే?"

"ముందు బండి మీద ఉన్నా. తర్వాత చేతులు ఖాళీ లేవు."

ఆమెకు అర్థం కాలేదు. షెడ్డులోంచి శాంతయ్య నెమ్మదిగా నడిచి వచ్చి కొడుకు ఎదురుగా నిలబడ్డాడు. రాత్రి అన్న మాట ఇద్దరి మధ్యా ఇంకా ఉంది. ఎవరూ దాని జోలికి పోలేదు.

"ఊరంతా వెతికి నీ కోసం లోపలికి పోయా నాన్నా," అన్నాడు స్టీవెన్. "వాకిట్లో చూశా, పందిట్లో చూశా. నువ్వు లేవు. వచ్చేద్దామనే తిరిగా. వాళ్లబ్బాయి ఫోన్ పెట్టేసి వస్తూ నన్ను చూశాడు. శాంతయ్య కొడుకువి కదూ అన్నాడు. అవునండి అన్నా."

"ఆ."

"అంతే. ఎవరో వెనక నుంచి మెడలో వేశారు."

ఆ ఫోన్ ఎవరితో మాట్లాడి పెట్టేశాడో రత్నమణికి తెలుసు. భర్తకు తెలియదు.

"తీసెయ్యాల్సిందండి," అంది. "తీసేసి వచ్చెయ్యాల్సింది."

"అనుకున్నా. మానేజరుతో పోట్లాడేవాణ్ని నేను. యూనియన్ మీటింగులో మైకు నాకే ఇస్తారు. పొద్దున్న దారంతా ఏం మాట్లాడాలో వల్లెవేసుకుంటూ పోయా. అక్కడ ఇంతమంది నా వంకే చూస్తుంటే నోరు పెగల్లేదు. రాదండీ అందామనుకున్నా. నిజంగానే రాదు, నేనెప్పుడూ నేర్చుకోలేదు. చెయ్యి కొట్టేసింది."

"ఎందాకా?" అని అడిగాడు శాంతయ్య.

"మునేటి ఒడ్డు శ్మశానం దాకా."

ముసలాయన కొడుకు పక్కన గట్టు మీద కూర్చున్నాడు. అతని కుడిచెయ్యి తన ఒళ్లోకి తీసుకుని, బొటనవేలి మొదట్లో లేచిన బొబ్బను చూశాడు. స్టీవెన్ చెయ్యి లాక్కోలేదు.

"బాగా కొట్టానంట నాన్నా. శాంతయ్య చెయ్యే వచ్చిందన్నారు."

షెడ్డులో చప్పుడు ఆగిపోయి ఎంతసేపయిందో వాళ్లు గమనించలేదు. రత్నమణి వెనక్కి తిరిగేసరికి రూబీ నిలబడి ఉంది. ఎక్కణ్నుంచి విన్నదో అడగక్కర్లేదు, మొహంలోనే ఉంది.

రూబీ నడుముకు కట్టుకున్న ఎర్ర గుడ్డ విప్పింది. దాన్ని పుల్లల చుట్టూ చుట్టి తల్లి ముందుకు చాపింది.

"నా పేరు తీసెయ్ అమ్మా. నేను పోటీకి రాను."

వానలు మొదలైనప్పటి నుంచీ ఆ ఒక్క మాట కోసమే ఇంట్లో అంత యుద్ధం చేసిన స్టీవెన్, ఇప్పుడు అది చెవిన పడగానే కూతురి వంక చూడలేక తల దించుకున్నాడు.

"అలా కాదు రూబీ..." అన్నాడు. ఎలా కాదో చెప్పడం అతనికి రాలేదు.

రూబీ చెయ్యి అలాగే చాపి ఉంది. రత్నమణి చెయ్యి ముందుకు రాలేదు.